మధ్యాహ్నం క్లాసులో ఎంత ఆపుకున్నా నిద్ర ఆగడం లేదు

విజయవాడలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరింది. వాళ్లది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. నాన్న కౌలు రైతు. తను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివి, పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చింది. ఆ మార్కులు చూసే నాన్న వడ్డీకి డబ్బు తెచ్చి ఈ కాలేజీలో చేర్పించాడు.

వార్డెన్ పొద్దున ఐదింటికి తలుపులు కొడుతుందట. ఆరు నుంచి స్టడీ అవర్, ఎనిమిదిన్నర నుంచి క్లాసులు, ఒంటిగంటకు భోజనం. రెండింటికి ఇనార్గానిక్ కెమిస్ట్రీ. సాయంత్రం ఐదు దాకా క్లాసులే, రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర వరకు మళ్లీ స్టడీ అవర్. ఆ తర్వాత రికార్డులు, మర్నాటి స్లిప్ టెస్టు, రూమ్‌మేట్స్‌తో కాసేపు మాటలు. పడుకునేసరికి పన్నెండున్నర. రెండింటి క్లాసులో సార్ మెటీరియల్ చూసి చదువుతూ పోతారు, పిల్లలు రాసుకుంటూ పోతారు. "నేను రాస్తూనే ఉన్నాననుకుంటాను. చూసుకుంటే అక్షరాలు గీతలైపోయి, లైను దాటి కిందికి జారిపోయి ఉంటాయి. ఎప్పుడు కళ్లు మూసుకున్నానో నాకే తెలియదు" అని రాసింది.

పోయిన నెల సార్ బల్ల మీద డస్టర్‌తో కొట్టి లేపి, "ఇంటికెళ్లి పడుకో, మీ నాన్న డబ్బు ఎందుకు దండగ" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఇంటికి ఫోన్ వెళ్లింది. "మేం ఎండలో మాడుతుంటే నువ్వు ఫ్యాను కింద నిద్రపోతున్నావా" అన్నాడు నాన్న. అప్పటి నుంచి మొహం కడుక్కోవడం, గిల్లుకోవడం, అరచేతిలో పిన్నుతో గుచ్చుకోవడం, రాత్రిళ్లు కాఫీ పొడి నోట్లో వేసుకోవడం అన్నీ చేసింది. లెక్కల క్లాసులో మాత్రం ఇంత నిద్ర రాదట. చివర మూడు ప్రశ్నలు అడిగింది. నిద్ర రాకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఏదైనా టాబ్లెట్ ఉందా? నాకు ఈ గ్రూపు పనికిరాదా?

అమ్మా, ముందు ఆ పిన్ను పారేయి. నీ చేతిని శిక్షించాల్సినంత తప్పు నువ్వేమీ చేయలేదు. నీ ఉత్తరంలో బద్ధకం ఎక్కడా కనపడలేదు నాకు. కనపడిందల్లా ఒక లెక్క. పన్నెండున్నరకు పడుకుని ఐదింటికి లేస్తే నాలుగున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. కనీసం ఎనిమిది అనుకున్నా నీకు రోజూ మూడున్నర గంటలు తక్కువ పడుతోంది. సోమవారం నుంచి శనివారం దాకా కలిపితే 21 గంటలు. ఇంత బాకీ పెట్టుకున్న ఒంటిని ఏ చన్నీళ్లూ మేలుకొలపలేవు.

అక్షరాలు గీతలైపోయాయన్నావే, అవి కొన్ని సెకన్ల కునుకులు. బాగా నిద్ర చాలని మెదడు మన అనుమతి లేకుండానే అలా ఆగి మొదలవుతుంటుంది. ఒక్కోసారి కళ్లు తెరిచే ఉంటాయి, చెయ్యి కదులుతూనే ఉంటుంది. అందుకే ఎప్పుడు నిద్రపోయావో నీకు తెలియలేదు. పట్టుదలతో దాన్ని ఆపలేం. గిల్లుకుంటే ఒక నిమిషం ఆగుతుంది, అంతే.

ఇక లెక్కల క్లాసులో రానిది కెమిస్ట్రీలోనే ఎందుకొస్తోంది? సార్ పాఠం బోరు కాబట్టి అని నువ్వనుకుంటున్నావేమో. బోరు కొట్టే పాఠం నిద్రను కొత్తగా పుట్టించదమ్మా, ఒంట్లో దాగి ఉన్న నిద్రను బయటపెడుతుంది. లెక్కల్లో చేతికి పని ఉంటుంది, తప్పు వస్తుందేమోనన్న భయం ఉంటుంది, పక్కమ్మాయి కంటే ముందు చేయాలన్న పోటీ ఉంటుంది. అవన్నీ నిద్రను కప్పి ఉంచుతాయి. చెప్పింది రాసుకోవడంలో అవేవీ లేవు. పైగా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి మధ్య మన ఒంటి గడియారమే సహజంగా కాస్త మందగిస్తుంది. అన్నం తినకపోయినా ఆ మగత వస్తుంది. కాబట్టి నిద్ర వస్తుందని భోజనం మానేయకు. కడుపు బిగిసేంత తినకుండా ఉంటే చాలు, మిగతా ఆకలి సాయంత్రం స్నాక్స్‌తో తీర్చుకోవచ్చు.

అంటే నీకున్నవి రెండు సమస్యలు. ఒకటి నిద్ర చాలకపోవడం, రెండు పాఠం మీద మనసు నిలవకపోవడం. ఇప్పటిదాకా నువ్వు ఆ రెండు సమస్యలతోనూ మధ్యాహ్నం క్లాసులోనే కుస్తీ పడుతున్నావు. మొదటిదాని సంగతి రాత్రే తేలాలి.

నీ రోజులో నీ చేతిలో ఉన్న సమయం చాలా తక్కువని నాకు తెలుసు. ఐదింటి తలుపు చప్పుడు నువ్వు మార్చలేవు. పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు ఉన్న రెండు గంటలే నీవి. వాటిలో ఎంత రికార్డు పని, ఎంత టెస్టు చదువు, ఎన్ని కబుర్లు అన్నది ఒక వారం గమనించు. కబుర్లు పూర్తిగా మానేయమని చెప్పను. అమ్మానాన్నలకు దూరంగా ఉన్న పిల్లకు రోజులో మనసు విప్పే సమయం అదొక్కటే కావచ్చు. దాన్ని సాయంత్రం క్లాసులయ్యాక, ఏడున్నరలోపు ఉన్న ఖాళీలోకి జరపగలవేమో చూడు. రికార్డులు ఆదివారానికి పెట్టుకుంటే ఆదివారం కొంత పోతుంది, కానీ ఆరు రాత్రులు మిగులుతాయి. పదిన్నరకు పుస్తకం మూసి పావుతక్కువ పదకొండుకల్లా పడుకుంటే ఆరుగంటల పావు దక్కుతుంది. ఇదీ చాలదు. కానీ నాలుగున్నరకూ ఆరుగంటల పావుకూ తేడా వారం పది రోజుల్లో నీకే తెలుస్తుంది.

దీనికి నువ్వు చెల్లించే మూల్యం కూడా చెబుతాను. మొదట్లో కొన్ని స్లిప్ టెస్టుల్లో మార్కులు తగ్గొచ్చు. పక్క మంచం అమ్మాయి ఇంకా చదువుతుంటే నీకు పడుకోవాలంటే భయంగా ఉంటుంది. ఆ భయానికి లొంగే ముందు ఒకటి గుర్తుపెట్టుకో. పగలు చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. పన్నెండింటికి కళ్లు మండుతూ చదివిన పేజీ మర్నాడు మధ్యాహ్నానికి ఎంత గుర్తుంటోందో నువ్వే పరీక్షించుకో.

స్టడీ అవర్‌లో చదివే తీరు మార్చుకుంటే ఆ రాత్రి గంటల అవసరమే తగ్గుతుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత చూస్తే చూడకుండా రాసినవాళ్లకు చాలా ఎక్కువ గుర్తుంది. నీ వీకెండ్ టెస్టుకు కావలసింది ఈ రెండో రకం గుర్తే. నాలుగుసార్లు చదివే బదులు ఒకసారి చదివి, పుస్తకం మూసి, రఫ్ కాగితం మీద రాసి, తప్పులు సరిచూసుకో. ఇలా చదివితే కష్టంగా అనిపిస్తుంది, ఏమీ రావట్లేదనిపిస్తుంది. ఆ కష్టమే పనిచేస్తుంది.

కాఫీ పొడి మాత్రం మానేయాలి. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది, నిద్ర ముంచుకొచ్చేది దానివల్లే. కాఫీలోని కెఫీన్ ఆ సంకేతం మెదడుకు అందకుండా అడ్డుపడుతుంది తప్ప నిద్ర అవసరాన్ని తీర్చదు. తీసుకున్న కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పదిన్నరకు వేసుకున్న పొడి తెల్లవారుజామున మూడున్నరకు కూడా సగం నీ ఒంట్లోనే ఉంటుంది. దక్కే ఆ కాస్త నిద్ర కూడా పలచబడుతుంది. తాగాలనిపిస్తే పొద్దున టిఫిన్‌తో ఒక కప్పు తాగు.

టాబ్లెట్ సంగతి అడిగావు. ఇందులో నేను రెండు దారులు చూపించను. నిద్రను ఆపే మందులు కొన్ని నిద్ర జబ్బులకు డాక్టర్లు రాసిచ్చేవి. హాస్టల్లో సీనియర్లు ఇచ్చినా, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చినా తీసుకోవద్దు. ఇంకో సంగతి. జలుబుకో డస్ట్ అలర్జీకో రోజూ ఏదైనా మాత్ర వేసుకుంటున్నావా? సెట్రిజిన్ లాంటివి చాలామందికి మగత తెప్పిస్తాయి. వేసుకుంటుంటే డాక్టర్‌ని అడిగి వేరేది మార్పించుకో.

మధ్యాహ్నం భోజన విరామంలో నీకో అవకాశం ఉంది. గంటలో తినడానికి ఇరవై ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత క్లాసులోకి వచ్చి, బల్ల మీద చేతులు మడిచి, తల ఆన్చి పదిహేను ఇరవై నిమిషాలు కళ్లు మూసుకో. పక్కమ్మాయికి లేపమని చెప్పు. అరగంట దాటనివ్వకు, గాఢనిద్రలోంచి లేస్తే తల దిమ్ముగా ఉండి క్లాసు ఇంకా పాడవుతుంది. నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు, కళ్లు మూసుకోవడమే కొంత విశ్రాంతి. నవ్వేవాళ్లు నవ్వుతారు. విరామంలో పడుకుంటే వచ్చే నవ్వు, క్లాసులో పడుకుంటే వచ్చే నవ్వు ఒకటి కావు. నాలుగు రోజులకు నీ పక్కన ఇంకో ఇద్దరు తల ఆన్చినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే నిద్ర చాలనిది నీ ఒక్కదానికే కాదు.

ఇక పాఠం మీద మనసు నిలవడం. నీ ఉత్తరంలో నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం నాకు చాలా పెద్దదనిపించింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు అంతా ఇంగ్లిష్. లెక్కల్లో అంకెలు, గుర్తులు సాయం చేస్తాయి. ఇనార్గానిక్‌లో అంతా మాటలే. నాలుగు మాటల్లో రెండు తెలియనప్పుడు మెదడు కాసేపు పెనుగులాడి వదిలేస్తుంది. బయటికి అది బోరులా కనిపిస్తుంది. అసలు జరిగింది దారి తప్పిపోవడం. తెలివికీ దీనికీ ఏ సంబంధం లేదు.

దీనికి తెలుగు అకాడమీ వేసిన ఇంటర్ మొదటి సంవత్సరం రసాయనశాస్త్రం తెలుగు మీడియం పుస్తకం ఒకటి సంపాదించు. పాత పుస్తకాల షాపుల్లో దొరికినా చాలు, విజయవాడలో ఉన్నావు కాబట్టి వెతకడం కష్టం కాదు. సార్ చెప్పబోయే పాఠం ముందురోజు స్టడీ అవర్‌లో పావుగంట తెలుగులో చదువు. పూర్తిగా అర్థం కావాల్సిన పనిలేదు. మర్నాడు సార్ ఇంగ్లిష్‌లో చెబుతుంటే 'ఇది నిన్న చదివిందే కదా' అని గుర్తుపట్టగలిగితే చాలు.

క్లాసులో మెదడుకు ఒక పని అప్పజెప్పాలి. ఎస్ బ్లాకు మూలకాల పాఠం తీసుకో. ఆవర్తన పట్టికలో లిథియం తన గ్రూపులోని సోడియం, పొటాషియంలను పోలి ఉండాలి. కానీ చాలా విషయాల్లో పక్క గ్రూపులో, ఒక మెట్టు కింద ఉన్న మెగ్నీషియాన్ని పోలి ఉంటుంది. లిథియం అయాన్ మరీ చిన్నది కావడమే కారణం. దాని సైజు మెగ్నీషియం అయాన్ సైజుకు దగ్గరగా ఉంటుంది. ఇంతవరకు ముందురోజు చదివావనుకో. సార్ కార్బొనేట్ల దగ్గరికి రాగానే ఆయన చెప్పకముందే నీ నోట్‌బుక్ మార్జిన్‌లో ఊహించి రాయి: 'లిథియం కార్బొనేట్ వేడిచేస్తే విడిపోవాలి, మెగ్నీషియం కార్బొనేట్‌లాగా. సోడియంది విడిపోకూడదు.' సార్ అదే చెబితే టిక్కు పెట్టుకో. నైట్రేట్లు వచ్చినప్పుడు మళ్లీ ఊహించు. సోడియం నైట్రేట్ వేడిచేస్తే నైట్రైటూ ఆక్సిజనూ వస్తాయి. లిథియందైతే మెగ్నీషియంలాగే ఆక్సైడ్ మిగిలి, నైట్రోజన్ డయాక్సైడ్, ఆక్సిజన్ వాయువులు వెళ్లిపోతాయి. నైట్రోజన్‌తో నేరుగా కలిసి నైట్రైడ్ అయ్యేది ఆ గ్రూపులో ఏది? అదీ ఊహించు. ఊహ తప్పినా మంచిదే, ఎందుకు తప్పిందో తెలుసుకోవాలని మెదడు మేలుకుంటుంది. సార్ ఎంత చప్పగా చదివినా అప్పుడు నువ్వు వింటున్నది నీ ప్రశ్నకు జవాబు. లెక్కల్లో నిన్ను మేలుకొలిపి ఉంచుతున్నదే ఇక్కడికీ వస్తుంది.

ఇది ప్రతి క్లాసులో కుదరదు. రోజుకు మూడు నాలుగు ఊహలు చాలు. అన్నీ రాసుకోవాలన్న ఆరాటం తగ్గించు. మెటీరియల్‌లో ఉన్నది నువ్వు మళ్లీ రాయక్కర్లేదు, అందులో లేకుండా సార్ నోటితో చెప్పింది రాసుకో.

సార్ విషయంలో నీకు రెండు మూడు దారులున్నాయి. ఏమీ మాట్లాడకుండా నీ పని నువ్వు చేసుకుపోవచ్చు. అందులో గొడవ ఉండదు, కానీ మళ్లీ ఒకరోజు కళ్లు మూతపడితే ఆయన పాత కోపంతోనే చూస్తారు. లేదంటే క్లాసు తర్వాత స్టాఫ్ రూము దగ్గర ఒంటరిగా కలిసి చెప్పొచ్చు: "సార్, నాకు క్లాసంటే నిర్లక్ష్యం లేదు. రాత్రి నిద్ర చాలట్లేదు, ఇంగ్లిష్ కూడా పూర్తిగా అందట్లేదు. సరిచేసుకుంటున్నాను. నిద్ర వచ్చినప్పుడు నేనే లేచి వెనక గోడ దగ్గర నిలబడి రాసుకుంటాను, అనుమతి ఇవ్వండి సార్." శిక్షగా నిలబడటం వేరు, నీ అంతట నువ్వు నిలబడటం వేరు. ఆయన కసురుకునే అవకాశం లేకపోలేదు. కానీ చాలామంది లెక్చరర్లు, తమ క్లాసు వినాలని ఒక పిల్ల వచ్చి అడిగితే మెత్తబడతారు. ఆయన కూడా పొద్దుట్నుంచి అదే పాఠం ఎన్ని సెక్షన్లకు చెప్పి అలసిపోయి వచ్చారో. ఆయనతో మాట్లాడే ధైర్యం చాలకపోతే నీతో బాగా మాట్లాడే లెక్కల మేడమో సారో ఎవరైనా ఉంటే వాళ్లకు చెప్పి, వాళ్లచేత చెప్పించు. అయితే ఆయన అన్న మాట మాత్రం తప్పే. చదువుకోవడానికి వచ్చిన పిల్లను తండ్రి డబ్బు పేరెత్తి నలుగురిలో అవమానించకూడదు. నువ్వు దాన్ని నిజమని నమ్మి మోయొద్దు.

నాన్నకు చెప్పడం ఇంతకంటే కష్టమని తెలుసు. నువ్వు సుఖంగా ఉన్నావని ఆయన అనుకుంటున్నాడు. ఆయనకు నీ టైమ్‌టేబుల్ తెలుసా? ఈసారి ఫోన్‌లో సంజాయిషీ చెప్పకు, గంటలు చెప్పు. ఎన్నింటికి లేస్తున్నావో, ఎన్నింటికి పడుకుంటున్నావో చెప్పు. పొలం పని చేసేవాడికి నాలుగున్నర గంటల నిద్రతో మర్నాడు ఎండలో నిలబడటం ఎలా ఉంటుందో ఎవరూ వివరించక్కర్లేదు. ఈ సమాధానం ఆయనకు చదివి వినిపించినా మంచిదే. అన్నా, యుక్తవయసులో ఒంట్లో నిద్ర గడియారం ఆలస్యంగా మొదలవుతుంది. రాత్రి త్వరగా నిద్ర పట్టదు, తెల్లవారుజామున లేపితే లేవలేరు. ఇది దేశదేశాల పిల్లల్లోనూ చూసిన విషయం. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూళ్లు మొదలయ్యే వేళను 7:50 నుంచి 8:45కు జరిపితే పిల్లలు రోజుకు 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. వేళ మార్చారని ఇంకా ఆలస్యంగా పడుకోలేదు, ఒంటికి కావలసిన నిద్ర తీసుకున్నారు. మీ అమ్మాయి ఒళ్లు కూడా అదే అడుగుతోంది. పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కులతో పాటు, లైట్లు ఎన్నింటికి ఆపుతున్నారో అడగండి. ఒక్క తండ్రి అడిగితే కాలేజీ మారకపోవచ్చు. పదిమంది అడిగితే ఆలోచిస్తారు.

నాన్నతో ఒక రక్తపరీక్ష సంగతి కూడా చెప్పమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే నీరసం, ఆయాసం, దేని మీదా దృష్టి నిలవకపోవడం ఉంటాయి. నెలసరిలో ఎక్కువ రోజులు, ఎక్కువ రక్తం పోతుంటే తప్పకుండా చూపించుకోవాలి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే డాక్టర్ ఐరన్ మాత్రలు ఇస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష, మాత్రలు ఉచితం. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటుంటే మానుకో, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా చేస్తుంది. బోర్డు మీది అక్షరాలు మసకగా ఉంటే కళ్లు కూడా చూపించుకో.

గ్రూపు పనికిరాదేమో అన్నావు. నాలుగున్నర గంటల నిద్రతో ఉన్నప్పుడు ఆ ప్రశ్నకు జవాబు వెతకొద్దు. ఇప్పుడు నీకు ఏ గ్రూపైనా పనికిరానట్టే అనిపిస్తుంది. లెక్కలంటే ఇష్టం, ఆ క్లాసులో మేలుకునే ఉంటున్నావు కదా. నిద్ర బాకీ కొంత తీరి, తెలుగు పుస్తకం తోడుగా రెండు మూడు నెలలు గడిచాక కూడా కెమిస్ట్రీ మీద విరక్తి పోకపోతే అప్పుడు ఆలోచించవచ్చు. హాస్టలే పడట్లేదని తేలితే బంధువుల ఇంటి నుంచి డే స్కాలర్‌గా వెళ్లడం, రెండో సంవత్సరానికి ఊరికి దగ్గర్లోని కాలేజీకి మారడం కూడా దారులే. మొదటిదానికి ఆ ఇంట్లో నీకు చదువుకునే చోటు, మాట పడని వాతావరణం ఉన్నాయో లేదో చూసుకోవాలి. రెండోదానికి కట్టిన ఫీజులో తిరిగి ఎంత వస్తుందో, సర్టిఫికెట్లు సకాలంలో ఇస్తారో లేదో నాన్న ముందే కనుక్కోవాలి. మనసు మరీ బరువెక్కి, బతుకు మీదే విసుగు పుడితే అప్పుడు ఎవరినీ అడక్కుండా 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్తావు కదా. మొదటి మూడు నాలుగు రోజులు అలారం పెట్టుకోకుండా, ఎవరూ లేపకుండా పడుకో. అమ్మకు ముందే చెప్పి ఉంచు. ఆ తర్వాతి రోజుల్లో పగలు హుషారుగా ఉంటే నీకున్నది నిద్ర బాకీయేనని తెలిసినట్టు. కంటినిండా నిద్రపోయినా పగలు ఉన్నట్టుండి కునుకు ముంచుకొస్తుంటే, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోతుంటే, నిద్రలో గురక పెడుతున్నావని అమ్మ చెబితే మాత్రం అది వేరే విషయం. సెలవులు అయిపోకముందే నాన్నను తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లు.